నాయన కారు దీపాలు, కాశీలో వదిలిన కూర

మొన్న మా మనవడు మధు తన కారుకు కొత్త లైట్లు వేయించుకొచ్చాడు. కారుతో వచ్చినవి వాడి కళ్ళకు ఆనలేదట. హాలోజన్ బల్బులు తెప్పించి, మెకానిక్ పక్కనే రెండు రోజులు కూర్చుని, అన్నం కూడా అక్కడికే తెప్పించుకుని బిగించుకున్నాడు. సాయంత్రం ఇంటికి రావడం రావడమే నా చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కెళ్ళాడు. స్విచ్చి వేయగానే ఎదురింటి గోడ మీద సున్నం పొలుసులు కూడా లెక్కపెట్టేటట్టు కనపడ్డాయి. ఎదురింటావిడ కిటికీ రెక్క టపీమని మూసుకుంది. "ఎట్లుంది అవ్వా?" అన్నాడు వాడు, ఛాతీ విరుచుకుని. "బాగుంది రా. పసుపూ కుంకుమా పెట్టినావా?" అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు. "లైటుకు బొట్టేంది అవ్వా!" వాడికి నవ్వుగానే ఉంటుంది. నాకు మాత్రం కార్బైడ్ వాసన గుప్పున తగిలినట్టయింది. అరవై ఏళ్ళ నాటి వాసన, కుళ్ళిన వెల్లుల్లి లాంటిది.

అప్పటికి మా మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది. ఇంకా ఆంధ్ర రాష్ట్రం రాలేదు, అంతా మద్రాసు ప్రెసిడెన్సీ. మా నాయన పలకల వ్యాపారి. పెరట్లో, వసారాలో, ఆఖరికి దేవుడి గది గోడ పక్కన కూడా పలకల దొంతరలే. మా ఇంట్లో పిల్లలు నడక నేర్చుకున్నది ఆ దొంతరలు పట్టుకునే. ఎంత ఊడ్చినా ఆ నల్లటి దుమ్ము పోయేది కాదు. అన్నంలో కూడా ఉంటుందని మా అమ్మ గొణిగేది. పొద్దు వాలగానే మా జేజి, అంటే నాయన తల్లి, లాంతరు చిమ్నీలు ముగ్గుపొడితో తుడిచి, ముందు దేవుడి దగ్గర, తర్వాత వసారాలో దీపం పెట్టేది. దీపం వెలగగానే ఎవరు ఎక్కడున్నా చేతులు జోడించాలి. తింటున్నవాళ్ళు ముద్ద కింద పెట్టి కళ్ళు మూసుకోవాలి. సరుకు చూడ్డానికి వచ్చిన బేరగాళ్ళు సైతం మాట మధ్యలో ఆపి లేచి నిలబడేవాళ్ళు. అది మా ఇంటి ఆచారమేం కాదు, ఊళ్ళన్నిటా అంతే. వెలిగిన దీపం కంటబడితే దండం పెట్టకుండా దాటిపోయిన మనిషిని నేను ఆ రోజుల్లో చూడలేదు.

నాయన తిండి గురించి ఇక్కడే చెప్పాలి. మా జేజినాయన పోయిన ఏడాది నాయనా జేజీ అస్థికలు తీసుకుని కాశీకి వెళ్ళారు. కాశీకి పోయినవాళ్ళు ఒక కాయ, ఒక పండు, ఒక ఆకు గంగలో వదిలిపెట్టి రావాలి. అంటే, మళ్ళీ ఈ జన్మలో వాటిని ముట్టకూడదు. మనకు ప్రాణమైనవి వదలాలని నియమం. నాయన మహా గడుసువాడు. చిన్నప్పటినుంచీ గుమ్మడికాయ పడదు, అది వదిలాడు. బొప్పాయి వాసన గిట్టదు, అదీ వదిలాడు. ఆకు దగ్గరికి వచ్చేసరికి ఒక్క ఆకేం ఖర్మ, ఆకుకూరలన్నీ వదిలేస్తున్నానని గట్టిగా చెప్పి మూడు మునకలు వేశాడు. పురోహితుడు ఆయన త్యాగానికి ముగ్ధుడైపోయి తలమీద చెయ్యిపెట్టి దీవించాడట. ఒడ్డుకు వచ్చాక జేజి అడిగిందట: "ఒరే, గోంగూర గూడా ఆకే గదరా?" నాయన మొహం పాలిపోయిందట. గోంగూర ఒక్కటే ఆయనకు ఇష్టమైన ఆకు. అయినా ఆయన లోలోపల సంతోషంగానే ఉన్నాడని మేమనుకున్నాం. అప్పటినుంచీ మా ఇంట్లో ఆయన కంచంలో పప్పు, ఊరగాయ, గుత్తివంకాయ, మళ్ళీ గుత్తివంకాయ. పాలన్నా నెయ్యన్నా కూడా ఆయనకు కడుపులో తిప్పేది. వంకాయ కూర ఉంటే చాలు, ఇంకేమీ అక్కరలేదు.

కర్నూలులో ఒక దొర ఇంగ్లండుకు పోతూ పోతూ తన పాత కారు అమ్మేస్తుంటే నాయన కొన్నాడు. పైన గుడ్డ టాపు, పక్కన తలుపుల బదులు గాలి. పలకల బేరగాళ్ళు సాయంత్రం రైలుకు దిగేవాళ్ళు. స్టేషను ఊరికి దూరం. వాళ్ళను ఎవరు ముందుగా బండెక్కించుకుని ఇంటికి తీసుకొస్తే ఆ ఏడు సరుకు వాళ్ళదే పోతుంది. కారు కొన్నది అందుకోసమే. తీరా కొన్నాక నాయన పొద్దుగూకితే కారు తీసేవాడు కాదు. "ఈ గ్యాసు దీపాలతో యాడికి పోతాం, గుంతలో పడతాం" అనేవాడు. దానికి ఉన్నవి రెండు ఇత్తడి కార్బైడ్ దీపాలు. పైన నీళ్ళు, కింద కార్బైడ్ రాళ్ళు. నీటిచుక్క పడితే గ్యాసు, అగ్గిపుల్ల గీస్తే వెలుగు, గాలి వీస్తే చీకటి. కాబట్టి మాకెవరికీ అనుమానం రాలేదు. స్టేషనుకు ఎద్దుల బండే పోయేది. అది చేరేసరికి బేరగాళ్ళు ఎవరో ఒకరి వసారాలో కూర్చుని కాఫీ తాగుతుండేవాళ్ళు.

చివరికి నాయనే కరెంటు దీపాలు వేయిస్తానన్నాడు. చెన్నపట్నంలో ఒక దుకాణానికి రాస్తే బొమ్మల పుస్తకం పంపారు. ఇంట్లో ఇంగ్లీషు ముక్క వచ్చింది నాకొక్కదానికే. థర్డ్ ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి, చదువుతున్నాను. నాయన నన్ను మంచం మీద ఎదురుగా కూర్చోబెట్టుకుని పేజీపేజీ చదివించాడు. గిన్నెల్లాంటి దీపాలు, డోలు లాంటివి, గాజుకు గీతలున్నవి, లేనివి. ఒక్కొక్క దానికి ఇన్ని కొవ్వొత్తుల వెలుగు అని రాసి ఉంది. "అన్ని కొవ్వొత్తులు అందులో యాడ పడతాయే?" అని జేజి ఆశ్చర్యపోయింది. ఒక్క పలక కొనాలంటే వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, వెలుతురుకు అడ్డంగా పెట్టి చూసే మనిషి మా నాయన. అలాంటివాడు దీపాల దగ్గర ఒక్క ముక్కలో తేల్చేశాడు. "యా దానికి కొవ్వొత్తులు ఎక్కువుండాయో అదే రాయి చిన్నమ్మీ." మా అమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టి మరీ చూసింది.

పెద్ద చెక్కపెట్టె వచ్చింది. గడ్డి కూరి, నడుమ రెండు నికెల్ దీపాలు, బ్యాటరీ, డైనమో, గుడ్డ చుట్టిన తీగలు. మిల్లులో ఆయిల్ ఇంజను చూసే ఖాసింను పిలిపించారు. ఖాసిం ఎప్పుడూ మోటారు దీపాలు బిగించి ఎరగడు. ఆ మాట ఒప్పుకునే రకమూ కాదు. ఇంజనుకు బెల్టు తొడిగి డైనమో తిప్పడం మిల్లులో రోజూ చేసే పనే గనక అది ఒక్క పూటలో అయిపోయింది. దీపాలు ఎటు చూడాలన్నది మాత్రం రెండు రోజులు పట్టింది. పెరట్లో కారు నిలిపి, ఎదురుగా ఉన్న పలకల దొంతర మీదికి వెలుగు వేశాడు. నల్ల పలకలు వెలుగంతా మింగేశాయి. దీపాలు పనిచేయడం లేదని తీగలన్నీ ఊడబీకి మళ్ళీ కలిపాడు. మళ్ళీ అదే. అమ్మ చూసి చూసి నాయన పంచె ఒకటి తెచ్చి దొంతర మీద ఆరేసింది. తెల్లటి పంచె మీద రెండు గుండ్రాలు పడ్డాయి. "అదీ!" అన్నాడు ఖాసిం, తనే కనిపెట్టినట్టు. నేను ఆ గుండ్రాల చుట్టూ బొగ్గుతో గీతలు గీశాను.

దీపం మొదటిసారి వెలిగిస్తూ బొట్టు పెట్టకపోతే ఎట్లా అని జేజి మా అమ్మ చేత రెండు అద్దాలకూ నిండా పసుపు రాయించి, రూపాయంత కుంకుమ పెట్టించింది. పంచె మీద ఇద్దరు ఎర్ర సూర్యులు ఉదయించారు. వాళ్ళిద్దరూ లోపలికి పోయాక ఖాసిం అంచు మిగిల్చి మధ్యలో మాత్రం తుడిచాడు. ఇక నాయన చూసి సరేననాలి. "ఇంకా పైకెత్తు ఖాసిం" అన్నాడు. ఎత్తాడు. "ఇంకా." ఎత్తాడు. గుండ్రాలు పంచె దాటి, గోడ దాటి, వేపచెట్టు కొమ్మల్లోకి పోయాయి. గూళ్ళకు చేరిన కాకులన్నీ ఒక్కసారి లేచి గోల పెట్టాయి. "శెట్టిగారూ, కారు ఆకాశంలో పోదు గదా" అన్నాడు ఖాసిం. నాయన నవ్వలేదు. "దీంట్లో వెలుగు తక్కువుంది. ఇంకోటి తెప్పిద్దాం" అన్నాడు. ఆ మాటకు మాకందరికీ నవ్వొచ్చింది. మా నాయనకు దీపాల పిచ్చి పట్టిందని ఊళ్ళో కూడా అనుకున్నారు.

మూడోది వచ్చింది. దాన్ని కారు ముందు అద్దం పక్కన బిగించి, పిడి పట్టుకుని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. నాయన స్టీరింగు వదిలి అది తిప్పలేడు గనక ఆ పని నాకు పడింది. బడిలో నా హోదా ఒక్కసారిగా పెరిగిపోయింది. మొదటిసారి సాయంత్రం రైలుకు కారు తీసింది ఆ వారమే. చెన్నపట్నం నుంచి పెద్ద బేరగాడు దిగాడు. మా సరుకు సగం ఆయన కొంటే ఆ ఏడాదికి చాలు. ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాం. పొద్దు అప్పుడే గూకింది, పడమట ఇంకా ఎరుపు ఉంది. తర్లుపాడు వైపు నుంచి వచ్చే దారి కలిసేచోట పొలాల నుంచి ఆడవాళ్ళు గడ్డిమోపులు నెత్తిన పెట్టుకుని ఎదురొస్తున్నారు. మా దీపాలు వాళ్ళమీద పడ్డాయి. వాళ్ళు పరుగెత్తలేదు, పక్కకు తప్పుకోలేదు. మోపులు దించి, చెప్పులున్నవాళ్ళు చెప్పులు విడిచి, బాట నడిమధ్యన నిలబడి చేతులు జోడించారు. వెలిగిన దీపం కదా మరి.

నాయన ఆపుతాడనుకున్నాను. ఆయన నిబ్బరంగా, నిటారుగా కూర్చుని అలాగే పోనిస్తున్నాడు. ముందుండే ముసలామె బొట్టు కూడా నాకు కనపడుతోంది. "నాయనా! మనుషులు! ఆపు!" అని గొంతు చించుకుని అరిచాను. కారు చక్రాలు ఈడ్చుకుంటూ పోయి, వాళ్ళకు రెండు బారల దూరంలో ఆగింది. వాళ్ళు భయపడనైనా లేదు. తమ దండానికి మర్యాదగా ఆపాడనుకున్నారు. ముసలామె దగ్గరికొచ్చి దీపాన్ని కళ్ళకద్దుకుని, "చల్లగుండు శెట్టీ, మంచి దీపం తెచ్చినావు" అంది. వెనక బేరగాడు కూడా భక్తిగా చేతులు జోడించాడు. నాయన స్టీరింగు వదల్లేదు. నా వైపు వంగి, చెవిలో అడిగాడు:

"ఎంతమంది ఉండారు చిన్నమ్మీ?"

ఏడుగురు. పట్టపగల్లా కనపడుతున్న ఏడుగురు. ఏడుగురని చెప్పాను. అక్కణ్ణుంచి ఇంటిదాకా నేను ఒక్క నిమిషం నోరు మూయలేదు. కుడిపక్క గుంత, ఎడమన బండి, ముందర వంక, నాయనా అదిగో మన చింతచెట్టు. బేరగాడు నవ్వి, పాప భలే వసపిట్ట అన్నాడు. ఇంటికొచ్చాక ఆయనకు కాళ్ళు కడుక్కోను నీళ్ళిచ్చి, నాయన నన్ను పలకల చాటుకు పిలిచాడు. "పొద్దుగూకితే నాకేం కనపడటంల్యా. శానా రోజులాయె. దీపాలు పెద్దవైతే కనపడుతుందేమో అనుకున్నా. మీ అమ్మకు చెప్పొద్దు, బెదురుతాది. ఊళ్ళో తెలిస్తే నా కారు ఎవరెక్కుతారు?" అంత పెద్ద మనిషి నన్ను బతిమాలడం అదే మొదటిసారి. చెప్పనని చేతిలో చెయ్యి వేశాను. దీపాలవేళ ఇల్లు కదలకూడదని ఆయన కుర్చీలోనే ఉండిపోవడం, లోపలికి వెళ్ళేటప్పుడు పలకల దొంతరను తడుముకుంటూ పోవడం, ఎదురుగా ఉన్న చెంబు ఎక్కడుందని అడగడం, అన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఆ రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

మూడోరోజు జేజికి చెప్పేశాను. అమ్మకు చెప్పొద్దన్నాడే గాని జేజికి చెప్పొద్దనలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. జేజి ముగ్గుపొడి గుడ్డ కింద పెట్టింది. "రేచీకటే అది. మా తమ్మునికి గూడా వచ్చింటే పొన్నగంటాకు తినిపించి పోగొట్టినాం" అంది. వెంటనే ఆమెకు కాశీ గుర్తొచ్చినట్టుంది, నెత్తిన చెయ్యి పెట్టుకుంది. నాయన్ని పిలిచి, నన్ను అవతలికి పంపకుండానే అడిగేసింది. నాయన నావైపు చూశాడు. కోప్పడలేదు. "ఆకు నేను తినకూడదు గదమ్మా. గంగలో మాటిచ్చినా" అన్నాడు. "మందుగా తినరా." "మందని ఆ గంగమ్మకు గూడా అబద్ధం చెప్పమంటావా?" అన్నాడు నాయన. "నేను గంగమ్మను మోసం చేసినానే అమ్మా. ఇష్టమైంది వదలమంటే గిట్టనివి వదిలి, అంతమంది ముందర పుణ్యం కొట్టేసినా. కండ్లు పోతుంటే ఎందుకు పోతున్నాయో నాకు తెలవదా? అందుకే ఎవరికీ చెప్పల్యా."

నాయన అన్నేళ్ళుగా అది మోస్తున్నాడని మాకెవరికీ తెలియదు. నాకు ఏడుపొచ్చేసింది. జేజి మాత్రం ఏడవలేదు. "గంగమ్మకు నీ గుమ్మడికాయ లెక్కేందిరా, బుద్ధిలేనోడా. బేరంలో తప్పు సరుకిస్తే ఏం జేస్తావు నువ్వు? పోయి మార్చిరావా? అట్లనే ఇదీ. గిట్టనివి తిరిగి తీసుకో. ఇష్టమైంది ఇచ్చిరా." నాయన ఆమె మొహంలోకి చూశాడు. ఇష్టమైంది ఏదో ఆ ఇంట్లో వేరే చెప్పనక్కరలేదు. వంటింట్లోంచి అప్పుడే గుత్తివంకాయలో పెట్టే వేరుశెనగపప్పు వేగుతున్న కమ్మటి వాసన వస్తోంది. "కాశీ దాకా పోవాల్నా?" అన్నాడు మెల్లగా. "మన గుండ్లకమ్మ ఏరు చాలు. నీళ్ళన్నీ ఒకచోటికే పోతాయి" అంది జేజి.

ఆ మధ్యాహ్నం నాయన కడసారి గుత్తివంకాయ తిన్నాడు. ఎన్ని తిన్నాడో చెప్తే బాగుండదు. మరుసటిరోజు పొద్దున్నే కారులో నలుగురం గుండ్లకమ్మకు పోయాం. అమ్మకు అప్పటికి అంతా తెలిసింది; ఆమె బెదరలేదు, నాలుగు తిట్టింది. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, దోసిట్లో లేత వంకాయ ఒకటి పెట్టుకుని, నాయన చాలాసేపు దాన్ని చూస్తూ ఉండిపోయాడు. "వదలరా" అంది జేజి ఒడ్డునుంచి. వదిలాడు. అది మునగలేదు. తేలుకుంటూ ఆయన కాళ్ళ చుట్టూ ఒకసారి తిరిగి పోయింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుపో నవ్వో నేను చెప్పలేను. ఆ రోజునుంచి రెండు పూటలా పొన్నగంటి కూర, మునగాకు, గుమ్మడికాయ, పండు వేళకు బొప్పాయి. నాయన ముక్కు మూసుకుని, కళ్ళు మూసుకుని, మందు మింగినట్టు మింగేవాడు. గోంగూర మళ్ళీ చేతికొచ్చింది కదా అని అమ్మ ఓదార్చితే, గోంగూరలో వంకాయ వేస్తేనే రుచి అని నిట్టూర్చేవాడు. సాయంత్రాలు స్టేషనుకు మళ్ళీ ఎద్దుల బండే పోయింది.

నెల తిరిగిందో, రెండు నెలలయిందో. ఒక సాయంత్రం నాయన నన్ను కారెక్కమన్నాడు. పిడి దీపం వెలిగించొద్దన్నాడు. ఖాసిం చేత ముందు దీపాలు కూడా నేలమీదికి దింపించాడు. అదే దారి, అదే వేళ. నేను పళ్ళు బిగబట్టి కూర్చున్నాను, ఏమీ మాట్లాడనని ముందే మాట తీసుకున్నాడు. తర్లుపాడు దారి కలిసేచోట దూరంగా గడ్డిమోపులు కనపడ్డాయి. అరవబోయి నాలుక కరుచుకున్నాను. కారు నెమ్మదించింది. వాళ్ళకు ఎంతో ముందుగా, హాయిగా ఆగింది. ఆడవాళ్ళు మోపులు దించి దండం పెట్టారు. నాయన వేలు చాపి, బడిపిల్లవాడి మాదిరి పైకి లెక్కపెట్టాడు. "తొమ్మిది మంది. చివర ముసలామె చంకలో మేకపిల్ల ఉంది." నేను మేకపిల్లను చూడనేలేదు. ఆయన చెప్పాక చూశాను, ఉంది. నాయన కారు దిగి, తన దీపాల ముందుకు వెళ్ళి, ఆ ఆడవాళ్ళ పక్కన నిలబడి తనూ చేతులు జోడించాడు.

ఇదంతా మధుకు ఎట్లా చెప్పను? ఆ సాయంత్రమే వాడు నన్ను కొత్త లైట్లు చూపించడానికి అదే రోడ్డుమీద తిప్పాడు. ఇప్పుడది తారురోడ్డు. ఆటోలు, లారీలు, ప్రతి దానికీ ఇద్దరు సూర్యులు. ఎదురుగా నడిచివస్తున్న ఒక ఆడమనిషి మా వెలుగు పడగానే చేతులు పైకెత్తింది. నా ప్రాణం లేచొచ్చింది, ఇంకా దండం పెట్టేవాళ్ళున్నారే అనుకున్నాను. దగ్గరికి పోతే ఆమె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని మమ్మల్ని తిడుతోంది. "లైటు దించరా, ఆమెకు కనపడొద్దా" అన్నాను. దించాడు. మంచి పిల్లవాడే. వెలుగు ఎక్కువైందని నేను సణగడంలేదు, నాకూ శుక్లాలొచ్చాయి, నాకూ కావాలి. కాని మా నాయన అంత పెద్ద దీపాలు పెట్టుకుని చివరికి వాటిని నేలకు దింపించుకున్నాడని వాడికి తెలిస్తే బాగుండును.

వచ్చే వారం నాయన తిథి. ఆయనకు మగపిల్లలు లేరు గనక మా అబ్బాయే పెడతాడు. మాటిచ్చి నీళ్ళలో వదిలింది ఆకులో వడ్డించకూడదు గనక మా ఇంట్లో ఆ రోజు వంకాయ వండరు. ఎందుకు వండరో పిల్లలకు తెలియదు. ఆకు నిండా పొన్నగంటి కూర మాత్రం వడ్డిస్తారు, ఏటేటా మరికాస్త ఎక్కువగా. "మీ ముత్తాతకు ఇదంటే ప్రాణమంట" అని మా కోడలు పిల్లలకు చెప్తుంటుంది. నేను అడ్డం చెప్పను. ఆ మనిషికి అదంటే ఎంత రోతో తెలిసినవాళ్ళం ఇప్పుడు భూమ్మీద ఇద్దరమే, నేనూ గుండ్లకమ్మా.